తెల్లగుఱ్ఱమునకు నీడ

వైశాఖమాసపు మధ్యాహ్నమున ఇబ్రహీంపట్నములో బంధువుల పెండ్లికి పోయియుండి, భోజనానంతరము గాలికొఱకై కల్యాణమండపము వెనుకకు నడచిన నాకు, అచ్చట ప్రహరీగోడ వారగా, ఆనాటి రాత్రి వరుని మోయవలసిన తెల్లని గుఱ్ఱము కట్టబడి కనిపించెను. గోడనీడ మూరెడైనను లేదు. ఉన్న ఆ కొంచెపు నీడలోనికి గుఱ్ఱము తన మొగమును మాత్రము చేర్చి, తక్కిన దేహమంతయు ఎండకు విడిచి, కదలక నిలిచియుండెను. దూరమునుండి చూచువారికి అది పాలనురుగువలె నున్నది. దగ్గఱకు పోయి చూడగా దాని మూతి గులాబిరంగున నుండి, ముక్కుపుటముల నడుమ చర్మము పొరలుపొరలుగా లేచి, ఒకచోట నెత్తురుచెమ్మ తేలి, ఆ చెమ్మపై ఈగలు వ్రాలుచుండెను. కనుఱెప్పల అంచులు ఎఱ్ఱనై నీరు కారుచుండెను. ఆ నీరు జాఱిన చాలున దుమ్ము అంటుకొని, కంటినుండి దవడవఱకు నల్లని గీత యొకటి యేర్పడియుండెను.

దానిని కనిపెట్టుకొనియున్న సైసు ఇరువదియేండ్లకు మించని పడుచువాడు. భుజముమీది తువాలను బకెట్టులోని నీట ముంచి పిండి, గుఱ్ఱము మొగమున కప్పుచు, “సారూ, ఇది నుక్రా. దీని తోలు పసిపిల్ల తోలు లెక్క. ఎండ జరంత ఎక్కువైతే పొక్కుతది” అనెను. “మరి నీడకు కట్టరాదా తమ్మీ?” అని యడిగితిని. అతడు రేకుల షెడ్డువైపు చేయి చూపి, “నీడల కార్లున్నయి సారూ” అని, మరల తువాలను తడుపుటకు వంగెను.

ఆ రాత్రి బాజాలు మ్రోగినవి. బారాతు వైభవముగా సాగినది. జరీకుచ్చుల ముసుగు క్రింద ఆ మూతిపుండును చూచినవా రెవ్వరును లేరు. నాకు మాత్రము ఆనాటినుండి యొక ప్రశ్న మనస్సున నాటుకొనియున్నది. మంగళమునకై మనము ఏ తెలుపును కోరి తెచ్చుకొంటిమో, ఆ తెలుపే ఆ జీవికి కవచము లేమియై బాధించుచున్నప్పుడు, ఆ మంగళమును పొందిన మనము దానికి ఋణపడియున్నామా, లేదా? పడియున్నచో ఆ ఋణము ఏ ద్రవ్యముతో తీరును? కిరాయి చెల్లించితిమి గనుక తీరినదని చెప్పుట సులభము. కాని కిరాయి యజమానునకు ముట్టినది, తెలుపు గుఱ్ఱముది.

తెల్లగుఱ్ఱమునకు మనదేశమున జరుగు గౌరవము చిన్నది కాదు. పాలకడలిని చిలికినప్పుడు ఉచ్చైశ్శ్రవము పుట్టినది. అర్జునునకు శ్వేతవాహనుడను పేరు గలిగినది. కల్కి తెల్లగుఱ్ఱము నెక్కి వచ్చునని పురాణములు చెప్పుచున్నవి. తిరుమల బ్రహ్మోత్సవములందు ఎనిమిదవనాటి రాత్రి స్వామి అశ్వవాహనారూఢుడై దర్శనమిచ్చును. ముహర్రమునందు ఇమాము హుసేను గుఱ్ఱమైన జుల్‌జనా పేర నడిపించు గుఱ్ఱమును కూడ తఱచుగా తెల్లనిదానినే యెంచుకొందురు. అయితే ఈ గౌరవములో దూరపుచూపు పాలు ఎక్కువ. ఆదిపర్వమున కద్రూవినతలు సముద్రతీరమున నిలిచి ఉచ్చైశ్శ్రవమును దూరమునుండి చూచి, దాని తోక తెలుపా నలుపా యని దాస్యమును పణముగా నొడ్డిరి. కర్కోటకుడు ఆ తోకకు చుట్టుకొని దానిని నల్లగా చూపెను. అక్కడినుండి కథ వినత దాస్యమునకును, గరుత్మంతుని పరాక్రమమునకును సాగిపోవునే గాని, పాము చుట్టుకొన్న గుఱ్ఱముకడ ఆగదు.

దగ్గఱనుండి చూచినచో తెలుపులు రెండు. సామాన్యముగా మనము తెల్లగుఱ్ఱమని పిలుచునది పుట్టుకతో తెల్లనిది కాదు. నల్లగానో, ఎఱ్ఱగానో, కపిలవర్ణముననో పుట్టి, ఏటేట వెండ్రుక నెరసి, కొన్నియేండ్లకు పూర్తిగా తెల్లబడును. కాని వెండ్రుకల క్రింది చర్మము నల్లగానే యుండును. మూతిని చూచిన తెలియును, బొగ్గువలె నుండును. ఈ నెరయుటకు మూలమైన జన్యువులోని మార్పును శాస్త్రజ్ఞులు 2008లో కనుగొనిరి. రెండవది నుక్రా. నుక్రా యనగా వెండి. గుఱ్ఱముల బేరగాండ్ర నోట వచ్చి మన సైసుల మాటలలో నిలిచిన పదము. ఇది పుట్టుకతోనే తెలుపు. చర్మము గులాబి, కొన్నింటికి కన్నులు నీలము. పెండ్లికి దీనినే ఎక్కువగా కోరుదురు, ఎక్కడను నల్లచాయ లేనిది గనుక. నల్లచాయ లేకుండుటయే దాని కష్టము. చర్మములోని మెలనిన్ అను వర్ణద్రవ్యము కణగర్భముమీద గొడుగువలె క్రమ్ముకొని, ఎండలోని అతినీలలోహిత కిరణములను తాను త్రాగి లోని జీవమును కాపాడును. నుక్రాకు ఆ గొడుగు లేదు. అందులోను మూతి, ముక్కుపుటముల అంచులు, కనుఱెప్పలు, తోకక్రింది భాగము, మర్మస్థానములు — ఈ చోట్ల వెండ్రుకయు పలుచనే. మొదట ఎఱ్ఱబారును, పిదప పొక్కును, పిదప పొరలూడి పగులును. ఏండ్లతరబడి కాలిన చర్మము, ముఖ్యముగా కంటిచుట్టు, మానని పుండై క్యాన్సరుగా మారుట పశువైద్యు లెఱిగినదే.

ఇంతకంటె దాగియున్న అపాయము మేతలో నున్నది. పచ్చమేతలోని పత్రహరితము కడుపులో సూక్ష్మజీవులచే విఱిగినప్పుడు ఫిల్లోఎరిత్రిన్ అను పదార్థము పుట్టును. ఆరోగ్యముగానున్న కాలేయము దానిని పైత్యరసముతో వెలుపలికి త్రోయును. కాలేయము చెడినచో అది నెత్తుట నిలిచి, చర్మమును చేరి, ఎండ సోకిన తోడనే ఆ చర్మమును లోపలినుండి కాల్చును. నల్లని చర్మములోనికి వెలుగు చొరదు గనుక అది తప్పించుకొనును, గులాబిచర్మము చిక్కుకొనును. మన గుట్టలమీద ఎఱుపు పసుపు పూలగుత్తులతో చూడ ముచ్చటగా పెరుగు లంటానా పొద పశువుల కాలేయమును చెఱచునదే. అది మేసిన ఆవునకు నల్లచర్మము నిలిచియుండి, తెల్లమచ్చలున్న మేరకు మాత్రము తోలు అట్టగట్టి ఊడును. గుఱ్ఱమునకును కాలేయము చెడినప్పుడు ఇదే గతి. కావున నుక్రాకు తెల్లచోట్ల ఉన్నట్లుండి చర్మము మండి పొరలూడినచో, ఎండ నొక్కదానినే నిందింపక, మేతను, కాలేయమును కూడ పరీక్షింపజేయవలెను.

ఇట్టి గుఱ్ఱమును సాకువాడు సూర్యునితో వేళలు కుదుర్చుకొనవలెను. ఉదయము తొమ్మిదిగంటల లోపలనే లాయమున చేర్చి, సాయంకాలము ఎండ చల్లబడినపిదప వెలుపలికి తీయవలెను; తెల్లవాఱుజామునను రాత్రియందును మేపుట దీనికి శ్రేష్ఠము. లాయము రేకులదైనచో రేకులమీద తాటాకో వరిగడ్డియో పఱపవలెను. మూతికిని, కంటిలో పడకుండ కనుఱెప్పలచుట్టును, మందుల దుకాణములలో దొరకు జింకు ఆక్సైడు లేపనమును పూయవలెను. మేతతోను నీటితోను అది తుడుచుకొనిపోవును గనుక మరల మరల పూయవలెను. ఈగలను ఎండను కూడ ఆపు పలుచని వలముసుగును మొగమునకు తొడుగవచ్చును. తెలుపు మెఱయవలెనని దినదినము సబ్బుతో తోమరాదు. వానకాలపు బురదలో నిలిచిన తెల్లకాళ్ళు డెక్కపైభాగమున వెనుకవైపు చిట్లి పుండుపడును. కడిగి, తుడిచి, తడి లేకుండ ఆరబెట్టుటయే దానికి మొదటి వైద్యము. కంటియంచున చిన్న పుండు మానక నిలిచినచో, ఇంటిమందులతో దినములు గడపక పశువైద్యునకు చూపవలెను. ఈ పనులలో గొప్ప విద్య యేదియు లేదు. ప్రతిదినము చేయుటయే కష్టము. కొనుట యొకటి, సాకుట యొకటి. దక్షిణదేశపు రాజులు ఏటేట ఓడలమీద గుఱ్ఱములను తెప్పించి, సాకు నేర్పు లేక పోగొట్టుకొనుచుండిరని మార్కోపోలో 13వ శతాబ్దాంతముననే వ్రాసెను.

నేను చూచిన గుఱ్ఱమును గూర్చి చెప్పగా విని యొక పెద్దమనుష్యుడు, “దాని ప్రారబ్ధ మట్లున్నది, ఆ చర్మముతో పుట్టుమని మనము చెప్పితిమా?” అనెను. ఇది మనలో మిక్కిలి పాతబడిన వాదము. బాధపడు ప్రాణిని చూచి దాని కర్మ యని పలికినచో, బాధ తీర్పగలవానికి ఇక పనియుండదు. అయితే ఈ గుఱ్ఱము విషయమున ఆ వాదము మొదటిమెట్టుననే జాఱును. ఆ చర్మముతో పుట్టుమని చెప్పినది మనమే. తెలుపును వలచి, తెల్లనిదానికి ఎక్కువ వెల కట్టి, తెల్లనిదానిని తెల్లనిదానితో జతగూర్చి, ఆ రంగు నిలుచునట్లు తరతరముల పెంచినవాడు మనుష్యుడు. గుఱ్ఱము కర్మ సంగతి దేవు డెఱుగును. మన కర్మ యిందు కంటికి కనబడుచునే యున్నది.

మఱియు పురాణము ఈ వాదమును పూర్వమే విని సమాధానము చెప్పియున్నదని నా నమ్మకము. తిక్కన శిష్యుడు మారన తెనిగించిన మార్కండేయపురాణమున సంజ్ఞాదేవి కథ కలదు. ఆమె విశ్వకర్మ కూతురు, సూర్యుని యిల్లాలు. భర్త తేజస్సును సహింపలేక, తన నీడయైన ఛాయను తనకు మాఱుగా ఇంట నిలిపి, పుట్టింటికి పోయెను. తండ్రి కొన్నాళ్ళుంచుకొని, ఆడుబిడ్డ పుట్టింట చిరకాల ముండరాదు, మగనియింటికి పొమ్మనెను. ఆమె అచ్చటికి పోలేదు. ఆడుగుఱ్ఱము రూపు దాల్చి, ఉత్తరకురుభూములకు పోయి, తపస్సు చేయుచు తిరిగెను. కొంతకాలమునకు సంగతి తెలిసి సూర్యుడు మామకడకు రాగా, విశ్వకర్మ అతనిని సానమీద నెక్కించి, ఆ తేజస్సును చెక్కి తగ్గించెను. ఆ చెక్కుడుతో విష్ణువునకు చక్రమును, శివునకు శూలమును చేసెనందురు. పిదప సూర్యుడు తానును అశ్వరూపమున ఆమెను చేరగా అశ్వినీదేవతలు పుట్టిరి. దేవతలకు వైద్యులు వారే.

ఈ కథను చిన్ననాటినుండి వినుచున్నను, ఆ మండపము వెనుక నిలిచిన దినమువఱకు ఇందలి గుఱ్ఱము నాకు కానరాలేదు. ఎండ నోర్వలేక తొలగిపోయిన ప్రాణికి మన పూర్వులు ఇచ్చిన రూపము ఆడుగుఱ్ఱము. ఆమె తనకు బదులు నిలిపినది నీడ. ఆమె కడుపున పుట్టినవారు వైద్యులు. విశ్వకర్మ తొలుత పలికిన మాట నాతో వాదించిన పెద్దమనుష్యుని మాటయే: ఓర్చుకొనుము, పొమ్ము. కాని రెండవమాఱు అతడు ఉలి పట్టినప్పుడు కూతురి చర్మమును మందము చేయబూనలేదు, సూర్యునే చెక్కెను. సూర్యుడును, లోకములకెల్ల వెలుగునైన నన్నా తగ్గించుట యని అడ్డు చెప్పలేదు. సానమీదికి తానే యొప్పి యెక్కెను. బలవంతునకు బలహీనునకు నడుమ పొసగనప్పుడు తగ్గవలసినవా డెవడో నిర్ణయించుటకు ఇంతకంటె స్పష్టమైన ప్రమాణము నాకు మఱియొక పురాణకథలో దొరకలేదు. మనము సూర్యుని చెక్కజాలము. నాలుగు గుంజలు పాతి పందిరి వేయగలము.

ఇబ్రహీంపట్నమును తలచుకొని ఈ మాట చెప్పుటకు వేఱొక కారణము కూడ కలదు. ఊరి పేరున నిలిచిన ఇబ్రహీం కుతుబ్‌షా 1550 నుండి 1580 వఱకు గోలకొండ నేలినవాడు. తెలుగుకవులు మల్కిభరాముడని ప్రేమతో పిలిచినవాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆ సుల్తానునకు అంకితమిచ్చెను. తపతి సూర్యుని కూతురు; ఛాయాదేవి కడుపున పుట్టినదని పురాణములు చెప్పును. ఆదిపర్వములోని ఆ కథయం దేమి జరిగినది? సంవరణమహారాజు వేటకై కొండమీద తిరుగుచుండగా అతని గుఱ్ఱము ఆకలిదప్పులకు తాళలేక పడి చచ్చెను. రాజు కాలినడకను పోవుచు తపతిని చూచెను, చూచి మోహించెను, ప్రణయకథ మొదలయ్యెను. చచ్చిన గుఱ్ఱమును కథ మరల తలపదు. ఛాయాదేవి కూతురిని చేరుటకు పోయిన త్రోవలో, నీరు లేక ఒక గుఱ్ఱము ప్రాణము విడిచిన సంగతి మనము ఇన్నినూఱులేండ్లు చదువుచు దాటిపోయినాము. ఆ కథను అంకితముగొన్న సుల్తాను పేర వెలసిన ఊరిలో, పెండ్లికుమారుని మోయు గుఱ్ఱము ఎండలో నిలిచియుండుటయు అట్టి దాటిపోవుటయే. ఆ కాలపు పెద్దచెరువు ఇంకను ఊరికి అండగానే యున్నది. చెరువు త్రవ్వించుటను, వనము నాటించుటను కన్నబిడ్డతో సమానముగ సప్తసంతానములలో లెక్కించిన జాతి మనది. ఆ నీటికి, ఆ నీడకు వచ్చు ప్రాణి రెండుకాళ్ళదా నాలుగుకాళ్ళదా యని మన పెద్దలు విచారింపలేదు.

సూర్యుడు అందఱిమీదను ఒకే రీతిగ కాయును గదా, మనమును గుఱ్ఱముల నన్నిటిని ఒకే తీరున చూచుట ధర్మము గదా యని మఱియొక ప్రశ్న రావచ్చును. భగవద్గీత పండితుని సమదర్శి యన్నది. ఆవును, ఏనుగును, కుక్కను పేర్కొనియే యన్నది. కాని సమముగా చూచువాడు ఆ మూడింటికిని ఒకే మేత వేయడు. సమదర్శనము వేఱు, సమవర్తనము వేఱని పెద్దలు విభాగము చేసిరి. ఈ విభాగమును మన సంఘము ఎంత చెడ్డగా వాడుకొన్నదో నేను మఱవలేదు: ఆత్మ యొక్కటే యని నోట పలుకుచు, చేతలలో బలహీనుని వాకిటనే నిలుపుటకు దీనిని సాకుగా చూపిరి. అది విభాగమును తలక్రిందు చేయుట. నల్లమూతి గుఱ్ఱమునకును గులాబిమూతి గుఱ్ఱమునకును నొప్పి నొప్పియే యని గ్రహించుట సమదర్శనము. ఆ నొప్పి యెవరికి ముందు తగులునో వారికి నీడ ముందుగా ఇచ్చుట వర్తనము. తక్కువవానికి తక్కువ యిచ్చుటకు శాస్త్రము అక్కఱలేదు. లోకము దానిని తానే చేయును. ఎక్కువ యిచ్చుటకే శాస్త్రము కావలసినది.

శ్వేతవాహనుడను పేరునకు అర్జునుడు ఎట్లు తగియుండెనో ద్రోణపర్వము చెప్పుచున్నది. సూర్యాస్తమయము లోపల సైంధవుని చంపకున్నచో అగ్నిలో దూకెదనని అతడు పట్టిన ప్రతినను చెల్లించుకొనవలసిన దినము అది. ప్రతి గడియయు ప్రాణముతో సమానము. శత్రుసేన నడుమ రథాశ్వములు బాణములు నాటి, దప్పిగొని, అలసి నిలిచినవి. అప్పుడు అర్జునుడు రథము దిగి, నేలనుండియే సేనల నాపుచు, బాణముతో భూమి చీల్చి కొలను పుట్టించి, బాణములతోనే ఇంటివలె కప్పు నిలిపెను. ఆ కప్పుక్రింద కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని యొడల నాటిన బాణములను తన చేతులతో పెఱికి, ఒడలు నిమిరి, నీరు త్రావించి, మేత పెట్టి, బడలిక తీఱినపిదపనే మరల రథమునకు పూన్చెను. గీత చెప్పిన వాడే ఆ చేతులతో మాలీసు చేసెను. సూర్యుడు పడమటికి వ్రాలుచున్నను, ఈ కాలము వ్యర్థమని ఆ యిరువురిలో ఏ యొక్కడును తలపలేదు. మన ముహూర్తముల తొందర దానికంటె పెద్దది కాజాలదు.

ఇస్లామునందును ఇట్టి ఘట్టమే కలదు. ఇమాము మాలిక్ సంకలించిన మువత్తాలో, ప్రవక్త తన గుఱ్ఱము మొగమును తన పైవస్త్రముతోనే తుడుచుచుండెననియు, చూచి యడిగినవారితో, గుఱ్ఱముల విషయమున రాత్రి తనకు మందలింపు కలిగినదని చెప్పెననియు ఉన్నది. తువాలను తడిపి మొగము తుడిచిన ఆ పడుచువాని మతమేదో నే నడుగలేదు. కృష్ణుడు చేసినదియు, ప్రవక్త చేసినదియు అతని చేతిలో ఉండెను.

శాసనమును ఈ మాటయే చెప్పుచున్నది. 1960 నాటి జంతుహింసా నివారణచట్టము, తగిన తిండి, నీరు, నీడపట్టు ఇయ్యని యజమానుని దోషిగా నిలుపుచున్నది. దానిక్రింద 1965లో చేసిన నియమములు, ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటిన చోట పగలు 12 గంటలనుండి 3 గంటలవఱకు జంతువులచేత బండి లాగింపరాదని, బరువు మోయింపరాదని చెప్పుచున్నవి. వైశాఖ జ్యేష్ఠములలో మన జిల్లాలో 40 డిగ్రీలు దాటుట వాడుకయే. నియమము పనిని నిషేధించినది గాని ఊరక నిలబెట్టుటను గూర్చి పలుకలేదని వాదించువా రుందురేమో. గులాబిచర్మమునకు ఆ వేళ ఎండలో నిలబడుటయే అన్నిటికంటె కఠినమైన పని.

పాఠకులారా, వచ్చు వేసవిలో మీ యింట పెండ్లి జరుగవలసియున్నచో, గుఱ్ఱమును మాటాడుకొనుటకు ముందు దాని మూతిని చూడుడు. నల్లనిదైనచో మేలు. గులాబిరంగుదైనచో, ప్రొద్దు క్రుంకినపిదపనే తోడ్కొని రమ్మని సైసునకు చెప్పుడు. అంతకుముందే రావలసివచ్చినచో ఒక తొట్టెడు నీరు, నానబెట్టిన ఉలవలు సిద్ధముగా నుంచుడు. షెడ్డులోని కారు నొకదానిని వెలుపలికి తీయించి, ఆ చోట గుఱ్ఱమును కట్టించుడు. కారు రేకు ఎండకు పొక్కదు.